డబుల్ ఇంటిగ్రల్స్‌లో లిమిట్లు పెట్టడం పిల్లలకు ఎలా నేర్పాలి?

ప్రశ్న: అనంత_గణితం

అందరికీ నమస్కారం. అనంతపురం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫస్టియర్‌కు లీనియర్ ఆల్జీబ్రా అండ్ కాలిక్యులస్ చెబుతున్నాను. చేరి ఎక్కువ కాలం కాలేదు. పార్షియల్ డిఫరెన్షియేషన్ దాకా క్లాసు బాగానే నడిచింది. ఆయిలర్ సిద్ధాంతం మీద లెక్కలు, జాకోబియన్లు, లాగ్రాంజ్ పద్ధతిలో మాక్సిమా మినిమా, ఏది ఇచ్చినా చకచకా చేసేస్తున్నారు. చివరి యూనిట్, మల్టిపుల్ ఇంటిగ్రల్స్ మొదలయ్యేసరికి క్లాసు చల్లబడిపోయింది.

లిమిట్లు నేనే వేసి ఇస్తే చేస్తారు. 'ఈ రెండు పెరబోలాల మధ్య ఉన్న రీజియన్ మీద ఇంటిగ్రేట్ చేయండి' అంటే పెన్ను కదలదు. ఆర్డర్ మార్చమంటే ఇంకా కష్టం. డీవై డీఎక్స్ ఉన్నచోట డీఎక్స్ డీవై అని రాసి, లోపలి లిమిట్లు బయటికి, బయటివి లోపలికి వేసేస్తారు. చివరికి జవాబులో ఎక్స్ మిగిలిపోయినా ఎవరికీ అనుమానం రాదు.

నిన్న క్లాసు అయ్యాక ఒక అమ్మాయి వచ్చింది. 'సార్, లిమిట్లు పెట్టడానికి ఫార్ములా ఏదైనా ఉంటే చెప్పండి సార్, కంఠతా పట్టేస్తాను' అంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్‌లో లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి, బాగా కష్టపడే పిల్ల. ఫార్ములా లేదమ్మా అంటే నమ్మలేదు. నేనే దాస్తున్నానన్నట్టు చూసింది. ఆ చూపు నన్ను వదలడం లేదు.

సెమిస్టర్ చివరికి వచ్చేశాం, చేతిలో క్లాసులు తక్కువ. ఈ పాఠం మీరు ఎలా మొదలుపెడతారు, ఏ లెక్కతో మొదలుపెడతారు, వివరంగా రాయండి. ఆల్ ఇన్ వన్‌లలో ఉండే స్టెప్పులు నా దగ్గరా ఉన్నాయి, అవి వద్దు.

జవాబు: కేసీకెనాల్_టీచర్

సార్, కర్నూలులో చాలా ఏళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను. మొదట డిగ్రీ కాలేజీలో చెప్పాను, ఇప్పుడు ఇంజనీరింగ్ పిల్లలకు చెబుతున్నాను. ఆ అమ్మాయి అడిగినట్టు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. తనకు ఏది రావడం లేదో సరిగ్గా పట్టుకున్న పిల్ల ఆమె. ఆమెను వదలకండి.

మన పిల్లలకు ఇంటిగ్రేషన్ రాక కాదు. ఇంటర్ టూ బీలో ఇంతకంటే చిక్కు ఇంటిగ్రల్స్ చేసి వచ్చారు. రానిది బొమ్మ చూసి లిమిట్లు చదవడం. ఈ రెండు పనులూ ఒకే లెక్కలో పెడితే, రాని పనిని ఎలాగోలా దాటేసి వచ్చిన పనిలోకి వెళ్ళిపోతారు. అందుకని ఈ యూనిట్ మొదట్లో నేను ఇంటిగ్రేషన్ అసలు చేయనివ్వను. రీజియన్ గీయాలి, లిమిట్లు రాయాలి, అక్కడితో ఆపాలి. 'ఆన్సర్ ఎంత మేడమ్?' అని అడుగుతూనే ఉంటారు. చెప్పను.

మొదటి లెక్క మాత్రం వాళ్ళకు తెలిసిందే తీసుకుంటాను. వై స్క్వేర్ = 4ఎక్స్, ఎక్స్ స్క్వేర్ = 4వై. రెండు పెరబోలాలూ (0, 0) దగ్గర, (4, 4) దగ్గర కలుస్తాయి. 4 యూనిట్ల భుజం ఉన్న చదరాన్ని ఇవి మూడు సమాన భాగాలు చేస్తాయని టూ బీలో నిరూపించే ఉంటారు. చదరం వైశాల్యం 16, మధ్య ముక్క 16/3. గ్రాఫ్ పేపరు ఇచ్చి, వక్రాలు గీసి, మధ్య ముక్కలో గళ్ళు లెక్కపెట్టమంటాను. మూడో వంతుకు దగ్గరగా వస్తుంది. ఆ గళ్ళు లెక్కపెట్టడమే డబుల్ ఇంటిగ్రల్ అని అప్పుడు చెబుతాను. చిన్న చిన్న గళ్ళు, డీఎక్స్ ఇంటూ డీవై, అన్నీ కూడాలి. ఏ వరసలో కూడాలన్నదే ఇక ప్రశ్న.

ఇక్కడ ఆ మధ్య ముక్కను ఒక చేను అనుకోమంటాను. మా క్లాసులో దుక్కి చూడని పిల్లలు తక్కువ. నిలువు సాళ్ళు తోలితే ఒక్కో సాలు ఏ గట్టు దగ్గర మొదలై ఏ గట్టు దగ్గర ఆగుతుంది? కింది గట్టు ఎక్స్ స్క్వేర్ బై 4, పై గట్టు 2 రూట్ ఎక్స్. ఇవి లోపలి లిమిట్లు. అలాంటి సాళ్ళు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉన్నాయి? ఎక్స్ 0 నుంచి 4 దాకా. ఇవి బయటి లిమిట్లు. అడ్డసాళ్ళు తోలినా చేను అదే. సాలు మొదలయ్యే గట్టు, ఆగే గట్టు మారతాయి, అంతే. ఇప్పుడు ఎక్స్ అనేది వై స్క్వేర్ బై 4 నుంచి 2 రూట్ వై దాకా పోతుంది, వై 0 నుంచి 4 దాకా.

దీన్నుంచే ఒక తనిఖీ వస్తుంది, అది పిల్లల చేత పదే పదే చేయించాలి. ఒక్కో సాలు పొడవు ఒక్కో రకం, కాబట్టి లోపలి లిమిట్లలో బయటి వేరియబుల్ ఉండొచ్చు. మొత్తం సాళ్ళు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నది చేనుకంతటికీ ఒకటే, కాబట్టి బయటి లిమిట్లలో వేరియబుల్ ఉండటానికి వీల్లేదు. కనిపించిందా, అక్కడే పెన్ను ఆపాలి. మీ పిల్లలు ఎక్స్ మిగిల్చేది ఇక్కడే.

రీజియన్లు గీయడం అలవాటయ్యాక ఎవరో ఒకరు అడగాలి: టూ బీలో ఒక్క ఇంటిగ్రేషన్‌తోనే వైశాల్యం వచ్చింది కదా, ఇప్పుడు రెండెందుకు అని. ఎవరూ అడగకపోతే నేనే అడుగుతాను. ఫంక్షన్ 1 అయితే లోపలి ఇంటిగ్రేషన్ చేయగానే పై వక్రం మైనస్ కింది వక్రం మిగులుతుంది, అంటే టూ బీ ఫార్ములానే. 1 బదులు ఎక్స్‌వై పెట్టి చూడమనండి. అదే రీజియన్ మీద 64/3 వస్తుంది. దాన్ని వైశాల్యం 16/3తో భాగిస్తే 4. ఆ చేనంతా తిరిగితే ఎక్స్‌వై విలువ సగటున 4 అన్నమాట, ఒక మూల 0, ఇంకో మూల 16 ఉన్నా సరే. ఈ సగటు మాట చెప్పాకే చాలామంది ముఖాల్లో వెలుగు చూశాను. అప్పటిదాకా 64/3 వాళ్ళకు ఊరికే ఒక అంకె.

ఆర్డర్ ఎందుకు మార్చాలో చూపించడానికి నా దగ్గర ఒకే ఒక్క లెక్క ఉంది, గంటంతా దానికే ఇస్తాను. ఫంక్షన్ ఈ పవర్ వై స్క్వేర్. లోపల వై లిమిట్లు ఎక్స్ నుంచి 1, బయట ఎక్స్ 0 నుంచి 1. ముందు వాళ్ళను చేయనిస్తాను. సబ్‌స్టిట్యూషన్ పెడతారు, బై పార్ట్స్ పెడతారు, ఏదీ పనిచేయదు. ఈ పవర్ వై స్క్వేర్ ఇంటిగ్రల్‌ను మనకు తెలిసిన మామూలు ఫంక్షన్లతో రాయడం కుదరదు, ఎంత తెలివైనవాళ్ళైనా రాయలేరు. ఈ సంగతి అప్పుడు చెబుతాను. తర్వాత బొమ్మ. (0, 0), (0, 1), (1, 1) మూలలుగా ఒక త్రిభుజం. అడ్డసాలు తోలితే ఎక్స్ 0 నుంచి వై దాకా, వై 0 నుంచి 1 దాకా. లోపలి ఇంటిగ్రేషన్ చేయగానే బయట ఒక వై వచ్చి కూర్చుంటుంది, వై ఇంటూ ఈ పవర్ వై స్క్వేర్. ఇక ఇంటర్ పిల్లాడు కూడా చేసేస్తాడు. జవాబు (ఈ - 1)/2, దాదాపు 0.859. త్రిభుజం వైశాల్యం 0.5, దాని మీద ఫంక్షన్ 1 నుంచి 2.718 దాకా ఉంటుంది, కాబట్టి జవాబు 0.5కీ 1.359కీ మధ్య ఉండాలి. ఉంది. ఈ సరిచూపు కూడా బోర్డు మీద రాయండి సార్, ఎంత టైం లేకపోయినా.

జవాబు: సీమ_బీటెక్

మేడమ్, మీరు చెప్పింది చదువుతుంటే నా ఫస్టియర్ గుర్తొచ్చింది. మాది ప్రొద్దుటూరు పక్కన పల్లె, ఇప్పుడు థర్డ్ ఇయర్. కానీ ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. పరీక్షలో బొమ్మకు మార్కులు రావు కదా? చివరి పరీక్ష 70 మార్కులకు, టైం చాలదు. మా హాస్టల్లో అందరూ పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని, ప్రతిసారీ వచ్చే నాలుగైదు లెక్కలు కంఠతా పట్టేవాళ్ళు. 0 నుంచి 4ఏ, ఎక్స్ స్క్వేర్ బై 4ఏ నుంచి 2 రూట్ ఏఎక్స్, ఆ లెక్క నిద్రలో లేపి అడిగినా 16 ఏ స్క్వేర్ బై 3 అని చెప్పేవాళ్ళు. పాస్ అయ్యారు కూడా. సార్ దగ్గర క్లాసులు తక్కువ ఉన్నాయంటున్నారు, ముందు పిల్లలు గట్టెక్కాలి కదా?

ఇంకొకటి, ఇది సార్‌కు. ఫోన్లో జియోజీబ్రా ఉంది, ఉచితమే. త్రీడీలో ఉపరితలాన్ని వేలితో తిప్పి చూడొచ్చు. నాకు శాడిల్ పాయింట్ (ఒక దిశలో కొండలా, ఇంకో దిశలో లోయలా ఉండే బిందువు) అంటే ఏంటో దాంట్లో తిప్పి చూశాకే తలకెక్కింది. అప్పటిదాకా ఆర్‌టీ మైనస్ ఎస్ స్క్వేర్ సున్నా కంటే తక్కువైతే శాడిల్ అని రాసేవాణ్ణి, అంతకుమించి ఏమీ తెలియదు.

జవాబు: కేసీకెనాల్_టీచర్

ఏమీ అనుకోను నాయనా. పాస్ కావడం చిన్న విషయం కాదు, ఒక సబ్జెక్టు ఉండిపోతే ఇంట్లో ఎంత బాధో నాకు తెలుసు. అయితే నువ్వు చెప్పిన లెక్కనే చూడు. పేపర్లో ఏ బదులు 1 పెట్టి, అదే రీజియన్‌ను 'వై స్క్వేర్ = 4ఎక్స్, ఎక్స్ స్క్వేర్ = 4వై మధ్య' అని మాటల్లో ఇస్తే కంఠతా పట్టినవాళ్ళు గుర్తుపట్టరు. నేను పైన చెప్పిన మొదటి లెక్క అదే.

ఇంకా పెద్ద చిక్కు రెండో సెమిస్టర్‌లో వస్తుంది. వెక్టర్ కాలిక్యులస్‌లో గ్రీన్ సిద్ధాంతాన్ని వెరిఫై చేయమంటారు. అందులో ఒక వైపు డబుల్ ఇంటిగ్రల్, ఇంకోవైపు అంచు వెంట లైన్ ఇంటిగ్రల్. రీజియన్ గీయడం రాని పిల్లలకు అంచు ఏదో కూడా తెలియదు. ఏ దిశలో తిరగాలో అంతకన్నా తెలియదు. ఇక్కడ దాచుకున్న టైం అక్కడ రెట్టింపై పోతుంది.

పరీక్షలో బొమ్మకు విడిగా మార్కులు లేకపోయినా, ఇంటర్నల్ పేపరు దిద్దేది మనమే కదా సార్. నేను బొమ్మకూ లిమిట్లకూ కలిపి సగం మార్కులు పెడతాను. ఇంటిగ్రేషన్‌లో చివర కూడికలో తప్పు పోయినా ఆ సగం పోదు. మార్కులు ఎక్కడ ఉంటాయో పిల్లల దృష్టి అక్కడ ఉంటుంది, అందులో వాళ్ళ తప్పేం లేదు.

జియోజీబ్రా సంగతి మంచి మాట చెప్పావు. కాకపోతే ముందు చేత్తో గీయించి, తర్వాత చూపించాలి.

జవాబు: పెన్నా_ఒడ్డు

నేను టీచర్‌ను కాదు, సివిల్ ఇంజనీర్‌ను. జమ్మలమడుగు వైపు. చెరువులు, రిజర్వాయర్ల సర్వే పనుల్లో ఉన్నాను. ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను, ఎందుకంటే ఈ పాఠం మేం రోజూ చేసే పనే, కానీ కాలేజీలో మాకు ఎవరూ అలా చెప్పలేదు.

సార్, మీ క్లాసుకు ఒక టోపోషీట్, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాపు, తీసుకెళ్ళండి. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ 1:50,000 షీటు, గండికోట ప్రాంతానిదైతే మరీ మంచిది. దాని మీద కాంటూర్ గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు ఉంటాయి, మామూలుగా 20 మీటర్లకు ఒకటి. ఎత్తు అనేది ఎక్స్, వైల ఫంక్షన్. కాంటూర్లు దాని లెవెల్ కర్వ్‌లు. కాంటూర్ వెంట నడిస్తే ఎత్తు మారదు, అంటే ఆ దిశలో డైరెక్షనల్ డెరివేటివ్ సున్నా. కాంటూర్‌కు లంబంగా ఎక్కితే అన్నిటికంటే నిటారు, అదే గ్రేడియంట్ దిశ. పిల్లల చేత స్కేలుతో కొలిపించండి. షీటు మీద రెండు కాంటూర్ల మధ్య 4 మిల్లీమీటర్లు ఉంటే నేల మీద 200 మీటర్లు. 200 మీటర్లకు 20 మీటర్లు ఎక్కుతున్నాం, అక్కడ గ్రేడియంట్ పరిమాణం 0.1. ఆ దిశకు 60 డిగ్రీలు పక్కకు తిరిగి నడిస్తే కాస్ 60తో గుణించాలి, 0.05. బరువు మోసుకుంటూ కొండెక్కేవాళ్ళు ఏటవాలుగా ఎందుకు నడుస్తారో లెక్కతో సహా తేలిపోతుంది. పెన్నా లోయ దగ్గరికి వచ్చేసరికి గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డట్టు కనిపిస్తాయి. కోట మీద నిలబడి కిందికి చూసిన పిల్లలకు అక్కడ గ్రేడియంట్ ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

డబుల్ ఇంటిగ్రల్ కూడా అదే షీటులో ఉంది. రిజర్వాయర్‌లో ఎన్ని నీళ్ళు పడతాయో ఎలా కడతామంటే, ఒక్కో కాంటూర్ లోపలి వైశాల్యం కొలుస్తాం. పక్కపక్క కాంటూర్ల వైశాల్యాల సగటును కాంటూర్ల ఎత్తు తేడాతో గుణించి, కింది నుంచి పై దాకా కూడుతూ పోతాం. అది ట్రెపిజాయిడల్ రూల్. ఇంకా కచ్చితంగా కావాలంటే ప్రిస్మాయిడల్ ఫార్ములా, అది సింప్సన్ రూలే. మేడమ్ చేనును సాళ్ళుగా కోసినట్టు మేం నీటిని పొరలుగా కోస్తాం.

ఇక వైశాల్యం కొలవడానికి ఇప్పుడు కంప్యూటర్ ఉంది. మేం చదివేటప్పుడు సర్వే ల్యాబ్‌లో ప్లానిమీటర్ ఉండేది. రెండు చేతులు, ఒక చిన్న చక్రం. సూదిమొనను సరిహద్దు గీత మీద మెల్లగా ఒక చుట్టు తిప్పి, మొదలుపెట్టిన చోటికి తెస్తే చక్రం మీద రీడింగ్ నుంచి లోపలి వైశాల్యం వచ్చేస్తుంది. లోపలికి అడుగే పెట్టకుండా, అంచు మీద తిరిగితే లోపల ఎంతుందో తెలుస్తుంది! ఇది గ్రీన్ సిద్ధాంతమే. యాకోబ్ ఆమ్స్‌లర్ ఈ రకం ప్లానిమీటర్‌ను 1854లో తయారుచేశాడు. మీ కాలేజీలో సివిల్ బ్రాంచ్ ఉంటే పాత బీరువాలో ఒకటి తప్పక దొరుకుతుంది. ల్యాబ్ అసిస్టెంట్‌ను అడిగి చూడండి.

జవాబు: కేసీకెనాల్_టీచర్

పెన్నా ఒడ్డు గారూ, ఎంత మంచి మాట రాశారు. ప్లానిమీటర్ నేను కూడా రెండో సెమిస్టర్‌కు వెతికిస్తాను.

మీరు 1854 అన్నారు కాబట్టి ఒక సంగతి. గ్రీన్ సిద్ధాంతాన్ని వంపు తిరిగిన ఉపరితలాలకు విస్తరించే స్టోక్స్ సిద్ధాంతం మొదటిసారి అచ్చులోకి వచ్చిందీ ఆ ఏడాదే, కేంబ్రిడ్జ్‌లో స్మిత్ ప్రైజ్ పరీక్షలో ఒక ప్రశ్నగా. అంతకుముందు 1850లో కెల్విన్ దాన్ని ఉత్తరంలో స్టోక్స్‌కు రాశాడు. ఆ పరీక్ష రాసినవాళ్ళలో మాక్స్‌వెల్ ఉన్నాడు. తర్వాత విద్యుదయస్కాంత సిద్ధాంతమంతా ఆయన ఇలాంటి ఇంటిగ్రల్స్ మీదే కట్టాడు. పరీక్షలో వచ్చిన ప్రశ్న పరీక్షతోనే అయిపోనక్కర్లేదని పిల్లలకు ఇది చెబుతుంటాను.

జవాబు: అనంత_గణితం

మేడమ్, సార్, తమ్ముడూ, ముగ్గురికీ చాలా థాంక్స్. ఈరోజు క్లాసులో పెరబోలాల బొమ్మ, సాళ్ళు రెండూ చెప్పాను. ఆ అమ్మాయే బోర్డు దగ్గరికి వచ్చి అడ్డసాళ్ళ లిమిట్లు రాసింది. రాసి, బయటి లిమిట్ల కింద గీత గీసి, 'ఇందులో వేరియబుల్ లేదు సార్' అని తనే చెప్పింది. మనసు నిండిపోయింది.

ఇంకో రెండు సందేహాలు. పోలార్‌లోకి, అంటే ఎక్స్, వైల బదులు కేంద్రం నుంచి దూరం ఆర్, కోణం థీటాలలోకి మార్చినప్పుడు ఆర్ డీఆర్ డీథీటాలో ఆ ఆర్‌ను సగం మంది మర్చిపోతున్నారు. జాకోబియన్ డిటర్మినెంట్ వేసి చూపించాను, నాలుగో యూనిట్‌లో వాళ్ళే చేసిన లెక్క అది. అయినా మర్చిపోతున్నారు. రెండోది ట్రిపుల్ ఇంటిగ్రల్స్. అక్కడ బొమ్మ నాకే బోర్డు మీద సరిగా రాదు.

జవాబు: కేసీకెనాల్_టీచర్

ఆర్ సంగతి. డిటర్మినెంట్ కంటే ముందు ఒక గడిని పెద్దదిగా గీయండి. రెండు వృత్తాల మధ్య, రెండు వ్యాసార్ధాల మధ్య ఇరుక్కున్న గడి. ఒక భుజం డీఆర్. రెండో భుజం చాపం, దాని పొడవు ఆర్ డీథీటా. కేంద్రం దగ్గర గళ్ళు సన్నగా, దూరం పోయేకొద్దీ వెడల్పుగా ఉన్నాయని కంటికే కనబడుతుంది. తర్వాత ఆర్ లేకుండా ఏ వ్యాసార్ధం ఉన్న వృత్తం వైశాల్యం కట్టమనండి. 2 పై ఏ వస్తుంది. ఏ మీటర్లలో ఉంటే 2 పై ఏ కూడా మీటర్లే, చదరపు మీటర్లు కాదు. వైశాల్యం అడిగితే పొడవు వచ్చిందంటే ఎక్కడో ఆర్ పోయిందని వాళ్ళకే తెలుస్తుంది. యూనిట్లు చూసుకోవడం అలవాటైతే ఆ ఆర్‌ను మళ్ళీ మర్చిపోరు.

ట్రిపుల్ ఇంటిగ్రల్‌కు బోర్డు వదిలేయండి. క్లాస్‌రూమ్ మూలకు వెళ్ళండి. నేల, రెండు గోడలు, అదే ఫస్ట్ ఆక్టెంట్, ఎక్స్, వై, జెడ్ మూడూ పాజిటివ్‌గా ఉండే భాగం. మూల నుంచి మీటరు దూరంలో నేల మీద రెండు వైపులా, ఎత్తులో మీటరు దగ్గర గోడ మూలకూ గుర్తులు పెట్టి, మూడింటినీ దారంతో కలిపి టేపు అంటించండి. ఎక్స్ + వై + జెడ్ = 1 తలం సిద్ధం. ఇప్పుడు ఒక పిల్లాడి చేత నేల మీద ఎక్కడైనా ఒక చుక్క పెట్టించి, స్కేలు నిలువుగా పట్టుకోమనండి. స్కేలు నేల దగ్గర మొదలై దారం తలం దగ్గర ఆగాలి. జెడ్ 0 నుంచి 1 మైనస్ ఎక్స్ మైనస్ వై దాకా. ఆ చుక్క నేల మీద ఎక్కడెక్కడ ఉండొచ్చు? దారం నేల మీద కోసిన త్రిభుజంలో. అక్కడి నుంచి మళ్ళీ నిన్నటి డబుల్ ఇంటిగ్రలే, వై 0 నుంచి 1 మైనస్ ఎక్స్, ఎక్స్ 0 నుంచి 1. జవాబు 1/6 రావాలి. పిరమిడ్ ఘనపరిమాణం ఫార్ములాతో, అంటే మూడో వంతు ఇంటూ భూవైశాల్యం ఇంటూ ఎత్తుతో, సరిచూసుకోమనండి. అది అయ్యాకే గోళం, సిలిండర్ లెక్కల్లోకి వెళ్ళండి.